ఎనిమిదో బిడ్డ

నార్వే తీరంలోని ఒక చిన్న దీవిలో, పంచాయతీ నడిపే పసిపిల్లల బడిలో, పెద్ద టీచరు ముందు ఐవిన్ తల్లి ఒక కాగితం పెట్టింది. బాబును మాన్పిస్తున్నట్టు అందులో రాసి ఉంది.

“ఏమీ అనుకోకండి టీచర్‌గారూ. ఆస్పత్రిలో నాకు పొద్దుటి డ్యూటీ వేశారు. ఆరున్నర పడవ పట్టుకోవాలి. మీరు తలుపు తీసేది ఏడున్నరకి. వాణ్ణి పట్నంలో వేసేస్తాను.”

“అనుకోవడానికేముందమ్మా. నీ తిప్పలు నీవి.”

“వీడు పోతే ఎంతమంది మిగులుతారు?”

“ఏడుగురు.”

“ఇద్దరు టీచర్లు ఉండాలంటే?”

ఆ ప్రశ్న రాకూడదనే పెద్ద టీచరు కోరుకుంది. కిటికీ అవతల రెండో టీచరు గున్‌వోర్ పిల్లలకు వానబూట్లు తొడుగుతోంది.

“ఎనిమిది మంది ఉండాలి.”

“అంటే గున్‌వోర్‌ని తీసేస్తారా? మా వాడికి మాటలు నేర్పిందే ఆవిడ. ముందే నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నీ కాళ్లకు బంధం వేసినట్టుంటుంది. నీ డ్యూటీ మారిందని విన్నప్పట్నుంచీ, ఆరింటికే తలుపు తీస్తానని నీకు చెప్పమని మూడు రోజులుగా ఆవిడ నా ప్రాణం తీస్తోంది. నాకే నోరు రాలేదు.”

“ఆరింటికా? చలికాలంలో కూడానా?”

“ఆవిడ ఇల్లు పక్కనేగా. పంచాయతీవాళ్లు కూడా సరేనన్నారు.”

తల్లి కాగితం వెనక్కి తీసుకుని మడతపెట్టింది.

“ఆ వేళకి వాడు నిద్ర లేవడండీ.”

“లేపకు. దుప్పటితో సహా ఎత్తుకొచ్చెయ్. గున్‌వోర్ ఇక్కడ పక్క వేసి ఉంచుతుంది.”