రీలు చివర్ల రెండు ఫోటోలు

ఏంది బిడ్డా, గంత పెద్ద అట్టపెట్టె ఒక్కదానివే మోసుకొచ్చినవా? కూసో. గా కుర్చీల కాదు, దాని కాలు ఊగుతది, మంచం మీద కూసో. అన్నీ మీ తాత సుబ్బరామయ్య సారు తీసిన ఫోటోలేనా? ఆయన పోయి పద్దెనిమిదేండ్లాయె, ఇప్పుడు జూబ్లీహిల్స్ల గోడలకు తగిలిస్తున్నరా? మంచిదే. ఉన్నన్ని రోజులు ఫిల్మ్ నగర్ల ఆయనను కూసోమన్నోడు లేడు. ఏందీ, ఒక్కో ఫోటో కింద అండ్ల ఉన్నోళ్ల పేరు రాయాల్నా? అందుకా ఈ రహమత్ నగర్ గల్లీల దాంక వెతుక్కుంట వచ్చినవ్. నిజమే, గుంపుల మనుషుల పేర్లు మల్లమ్మకు తప్ప ఎవరికెరుక, ముప్పయ్యేండ్లు సినిమాలల్ల నేను గా గుంపులనే నిలబడ్డ. అన్నీ చెప్త గని... ఆగు, గిదొకటి నా చేతికియ్యి. కోటేసుకోని, మెట్ల మీద కూసోని, చాయ్ గిలాస పట్టుకోని నవ్వుతున్నడు సూడు. దీని కింద ఎవరి పేరు రాసినవ్? హీరోబాబు పేరా? గాయన కాదు బిడ్డా ఇది. మా ఇంటాయన, భిక్షం. గట్ల సూడకు, నాకేం మతి తప్పలే. వరుసగ చెప్తెగని నీకు నమ్మబుద్ధి కాదు. దీన్ని నా ఒళ్లె ఉండనియ్.

మీ తాత పని ఎట్లుండెనో నీకు తెల్వదు కావొచ్చు. షాట్ అయిపోంగనే డైరెక్టరు ఓకే అంటడు, అందరు నీడకు ఉరుకుతరు. గప్పుడు సారు మెడల కెమెరా పట్టుకోని, 'స్టిల్ అండీ, ఒక్క నిమిషం అండీ' అని బతిమిలాడుకుంట వస్తడు. ఏడ్చిన హీరోయిన్ మళ్ల ఏడ్వాలె, కొట్టిన హీరో మళ్ల చెయ్యెత్తి నిలబడాలె, పోస్టర్లకు గా ఫోటోలే పోతయి. ఒక్కో రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. సారు ముప్పై నాలుగు తీసి రీలు ఖతమైందనేటోడు. 'అవి కంపెనీవి, చివర రెండూ నావి మల్లమ్మా' అని నాతోని మెల్లగ అనేటోడు. గా రెండిటితోనే నీ పెట్టె నిండింది. గిది సూడు, నువ్వు 'ప్రయాణం' అని రాసినవ్. అరకు పోయినప్పటిది. బస్సుల అందరం నోర్లు తెరుసుకోని పండుకున్నం, మూడో సీట్ల ఉన్నది నేనే. కొండ ఒక్కటి కనవడదు గిండ్ల. అడిగితే, 'కొండలు రేపూ ఉంటాయి, ఈ నిద్ర ఉండదు' అన్నడు. ఇంటికి పోతే మీ నానమ్మ జ్ఞానప్రసూనాంబమ్మ నెత్తి కొట్టుకునేది. 'దేశమంతా తిరిగొచ్చారు, ఒక్క గోపురం లేదు, ఎవళ్ళెవళ్ళో గుర్రు పెట్టే ఫోటోలు తెచ్చారు' అని. నీ పెట్టెల ఉన్న గీ నాటకాల ఫోటోలు సుత గంతే. ముందల వరుసల కూసోమని పిలిస్తే పోకపోయేది, పోయి తెర ఎనక నిలబడేటోడు. కృష్ణుడు కిరీటం మోకాలి మీద పెట్టుకోని బీడీ తాగుతుండు సూడు, ఇగ గంట కొడ్తె పోయి గీత చెప్పాలె. గిదేమో కృష్ణానగర్ల పొద్దుగాల మేమంతా షూటింగ్ వ్యాను కోసం నిలబడ్డది. దీనికి నువ్వు 'నిత్యజీవితం' అని పేరు పెట్టినవా? పెట్టు, బాగనే ఉంది. మాకైతే గా దినం వ్యాను రాలే.

ఇగ మా ఆయన సంగతి. భిక్షం డూపు. హీరోబాబంత పొడుగు, గవే భుజాలు, గదే నడక, ముఖం సుత ఇంచుమించు గదే. అద్దాలు పగలగొట్టుకోని వచ్చుడు, మూడో అంతస్తు మీదికెళ్లి అట్టడబ్బాల మీదికి దుంకుడు, అన్నీ ఈయన చేస్తడు, లేసి కోటు దులుపుకునేదేమో ఆయన. డూపు ముఖం మాత్రం ఫోటోల పడొద్దు, అది కట్టడి. పడ్డదంటే స్టిల్ ఫోటోగ్రాఫర్ పని పోతది. జనానికి తెలిస్తే హీరో ఇజ్జత్ పోతది గద. అందుకే సెట్ల అడుగు పెడ్తె చాలు, 'భిక్షం, అటు తిరుగు', 'భిక్షం, తల దించు', గిదే లొల్లి. గా దినం హీరోబాబు కారెక్కి పోయిండు. ఈయన దుంకి వచ్చి, కోటు ఇప్పకముందే మెట్ల మీద కూసోని చాయ్ తాగుతున్నడు. సారు రీలుల రెండే మిగిలినయి. అటు ఇటు సూసి, 'భిక్షం, ఇటు చూడు' అన్నడు. పదిహేనేండ్లల ఇటు సూడమన్నోడు గాయన ఒక్కడే. ఎట్ల సూడాల్నో తెల్వక ఈయనకు నవ్వొచ్చింది. గా నవ్వే ఇది.

గన్నిసార్లు పైకెళ్లి దుంకినోడు, ఆఖరికి కామెర్లొచ్చి మంచంలనే పోయిండు. దినాలు చేద్దామంటే ఇంట్ల ఫోటో లేదు. పెండ్లి ఫోటో ఉండె గని వానకు నాని ఇద్దరి ముఖాలు పోయినయి. సారు కాడికి పోయిన. లోపలికి పోయి, ఇదే ఫోటోను పెద్దగ చేసి తెచ్చిచ్చిండు. ఎవరిచ్చిన్రో చెప్పొద్దన్నడు. ఇంటి ముందల టెంటు కింద పెట్టి దండేసిన, దీపం పెట్టిన. ఇగ సూడు తమాష. యూసుఫ్‌గూడకెళ్లి హీరోబాబు అభిమాన సంఘపోళ్లు ఇరవై మంది దిగిన్రు. 'బతికున్న మా అన్న ఫోటోకు దండేస్తవా' అని ఒకటే లొల్లి. మా ఆయన డూపు, ఇది ఆయన ఫోటోనే అని మొత్తుకున్న. 'మా అన్న డూపును పెట్టుకోడు' అని నన్నే నవ్విన్రు. దండ తెంపి, ఫోటోకు దిష్టి తీసి, పాలతోని అభిషేకం చేసి, జై కొట్టుకుంట ఎత్తుకపోయిన్రు. వండిన అన్నం అట్లనే ఉంది, దినం ఫోటో లేకుండనే అయిపోయింది. మా ఆయనేమో గా సంఘం ఆఫీసుల, పొద్దు మాపు అగరువత్తులతోని, ఏండ్లకేండ్లు ఉన్నడు. ఇంట్ల ఉంటే గన్ని అగరువత్తులు నేను పెట్టకపోదును.

ఈ లొల్లి చెవిన పడి మరునాడు కంపెనీ మేనేజరు సారును పట్టుకున్నడు, నెగెటివ్ తెమ్మన్నడు, ఎవరిదీ ముఖం అని అడిగిండు. అప్పుడు మీ నాయన చదువుకుంటున్నడు, ఇంట్ల సంపాదన ఒక్కరిదే. సారు భయపడి, 'హీరోగారే, నేనే తీశాను' అని చెప్పి, ఫోటో ఎనకాల గాయన పేరు రాసిండు. నువ్వు సూసింది గదే రాత. వారం దినాల తర్వాత మా ఇంటికొచ్చి, గడప కాడనే నిలబడి, 'పేరు మార్చి రాశాను మల్లమ్మా. నా ఉద్యోగం దక్కింది, నీ మనిషి పోయాడు' అన్నడు. 'మనిషి ముందుగాల్నే పోయిండు సారు, పోయింది పేరే గద' అన్న. తర్వాత ఇంకో ఫోటో చేసిస్త అన్నడు గని, ఇయ్యనేలే, నేను అడగనేలే. గని ఇగో, చిన్న ఫోటోలన్నీ ఉన్న ఈ కాగితం మీద సూడు. ఇష్టమైన దానికల్ల ఎర్ర పెన్సిలుతోని ఒక్క సున్న చుట్టిండు. మా ఆయనకు రెండు చుట్టిండు.

అయితే ఏందంటవ్? ఇప్పుడే పేరు మారుస్తవా? రాయి, భి-క్షం... ఎందుకాగినవ్? హాలు ఇచ్చింది హీరోబాబోళ్లేనా. దీపం పెట్టెతందుకు గాయనే వస్తడా. ఈ ఫోటోనే పెద్ద బ్యానరు చేసి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ కాడ సుత కట్టిన్రా. ఏమన్నడూ? ఫోటో సూసి, 'గా దినం యాదికుంది, నేనే దుంకి వచ్చి చాయ్ తాగిన' అన్నడా? అనని తియ్. ముసలాయన, గిన్నేండ్లు అందరు చెప్తుంటే గాయనకు సుత నమ్మకం కుదిరి ఉంటది. పేరు మారిస్తే గాయన రాడు, హాలు ఇయ్యరు, మీ తాత గోడకెక్కడు. గంతేనా? గా మాట నీ నోటితోని చెప్పలేక నా ముఖం సూస్తున్నవ్.

ఉండనీ బిడ్డా. కొట్టెయ్యి నేను చెప్పింది. నా మొగని ముఖం ఏండ్లకేండ్లు అటు తిప్పించిన్రు, ఇప్పుడు వాళ్లే తెచ్చి చెక్‌పోస్ట్ కాడ, వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు కనవడేటట్టు కట్టిన్రు. పేరు రాస్తే దించేస్తరు. రాయకుంటె నవ్వుకుంట ఉంటడు.

...

గా తర్వాతది ఎవరిది, గా ముక్కుపుల్ల ఆమెదా? శ్యామలాదేవి. సక్కగ రాసుకో, ఒక్క అక్షరం తప్పు పోవద్దు.