లైన్లో ఉండండి

ఏంటే, కళ్ళు అలా పీక్కుపోయాయి? రాత్రి కూడా పడుకోలేదా? ఆఫీసు పనా... మీకు నిద్ర మానుకోవడం కూడా ఓ గొప్పే. మా అక్కా ఇంతే. మీ నాన్నకి మేనత్త, నువ్వు పుట్టకముందే పోయిందిలే. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. "లైన్లో ఉండండి, కలుపుతున్నా", ఇదే మాట నోట్లో. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది తనే. పగలు నాకు వండిపెట్టాలి కదా, అందుకని ఎవరికీ పట్టని రాత్రి డ్యూటీలన్నీ అడిగి మరీ వేయించుకునేది. మరి పడుకునేదెప్పుడే అంటే, "పోయాక పడుకుంటాలేరా, అప్పుడెవరూ లేపరు" అని నవ్వేది. నేను పడుకుంటే మాత్రం ఇంట్లో గిన్నె చప్పుడవకూడదు. పాలవాడొచ్చినా నోటిమీద వేలుంచి, "ష్, మా తమ్ముడు పడుకున్నాడు" అనేది. నేను వీధిలో కనపడితే చాలు, వాడు "ఏం కుంభకర్ణా, లేచావా" అని ఒకటే వేళాకోళం. మంచివాడేలే, పాలల్లో నీళ్ళు తప్ప.

ఏం చెబుతున్నా... ఆఁ, నిద్ర. రిటైరయ్యాక పడుకుందామంటే రాదే. పడుకుని పైకప్పు చూస్తూ ఉండేది. తర్వాత పొయ్యి ఆర్పడం మర్చిపోయింది. తర్వాత మా వీధి మర్చిపోయింది. డాక్టరుకి చూపిస్తే, "నిద్రలో మెదడు తన చెత్త తాను కడుక్కుంటుందండీ, ఏళ్ళ తరబడి నిద్ర లేకపోతే అది పేరుకుంటుందంటున్నారు" అన్నాడు. నా మొహం చూశాడేమో, "అదొక్కటే కారణమనలేం, ఈ మతిమరుపు జబ్బు నిద్రనీ తినేస్తుంది, ఏది ముందో తేల్చలేం" అన్నాడు. ఆయనా తేల్చలేదు, ఇన్నేళ్ళయినా నేనూ తేల్చుకోలేదు. అలిసిపోయానే, అదే ఆలోచించి ఆలోచించి.

చివర్లో కుర్చీలో కూర్చుని, తువ్వాలు కొస తీసుకుని కిటికీ జాలీ కన్నాల్లో గుచ్చుతుండేది. అప్పట్లో ఫోన్లు కలపడానికి ఎక్స్ఛేంజి బోర్డు కన్నాల్లో తీగలు గుచ్చేవాళ్ళులే, అలాగన్నమాట. "లైన్లో ఉండండి." నేనెవరో తెలీదు, ఆ మాట మాత్రం పోలేదు. ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలనిపించి ఓ రోజు నేనే అడిగా. "ఆపరేటరుగారూ, మీ తమ్ముడితో మాట్లాడాలి, కాస్త కలపండి" అన్నా. చెయ్యి ఆపింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. గుర్తుపట్టేసిందే అనుకున్నా. నోటిమీద వేలేసుకుని, మెల్లిగా, "ఇప్పుడు కుదరదండీ, మా తమ్ముడు పడుకున్నాడు" అంది.

...

ఆ కర్టెన్ వేసెయ్యి. ఫోను ఇలా ఇచ్చి పడుకో. ఎవరు చేసినా మా మనవరాలు పడుకుందని చెప్తాలే.