రాతి తాతకి పెట్టిన మీసం

గవిరినాయుడికి ఆ మెట్ట, అదే ఊరి పక్కనున్న చిన్న కొండ, కావాల్సొచ్చిందంట. ఎందుకంటే ఏం చెప్తాం, కింద పొలమంతా ఆయనదే, తలెత్తి చూస్తే మెట్ట ఒక్కటీ ఆయనది కాదు, అన్నం సహించలేదంట. ఆ మెట్ట నడుమ్మీద రాయి తొలిచి చేసిన గుడి ఉంది చూడండి, లోపల గోడ నిండా బొమ్మలు, మధ్యన ఓ పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చునుంటాడు, ఆ గుడి. ఎవరు చెక్కారో ఎవరిని చెక్కారో అప్పట్లో మా వాళ్ళకెవరికీ తెలీదు. వానొస్తే అసిరమ్మ తన గొర్రెల్ని అందులోకి తోలేది. మొగుడు పోయిన మనిషి, ముసలి మావగారు దాలయ్యా, ఆ మందా, అంతే ఆమె సంసారం. తడిస్తే గొర్రెపిల్లలు బతకవు. ఆ రాతిగది లేకపోతే మంద లేదు, మంద లేకపోతే వాళ్ళిద్దరికీ గంజి లేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఏమైందంటే, ఒకరోజు పొద్దున్నే నాయుడు పెద్దమనుషుల్ని వెంటేసుకుని మెట్టెక్కాడంట. పెద్దమనుషులంటే ఎవరనుకున్నారు, ఆయనింట్లో తిని ఆయన అరుగు మీద తేన్చేవాళ్ళే. వెళ్ళి చూస్తే రాతి పెద్దాయనకి మీసం ఉందంట! నిన్నటిదాకా నున్నటి మొహం, ఇవాళ గుబురు మీసం. కుండమసి ఆవదంలో కలిపి ముందురోజే పెట్టించాడనుకో. "సూడండి, మా ముత్తాత! అదే మీసం, నాదీ అదే," అని తన మీసం మెలేసి పక్కన నిలబడ్డాడంట. పెద్దమనుషులు ఇటు చూసి, అటు చూసి, "అచ్చు గుద్దినట్టున్నారు బాబూ," అన్నారంట. మరి గోడ మీదున్న ఈ చిన్నోళ్ళెవరని ఒకాయన అడిగాడు. నాయుడికి ఇంకా ఉబ్బరం. "మా ముత్తాత తమ్ముళ్ళు. ఎంత పెద్ద ఇల్లో సూడు మాది!" అన్నాడంట. ఇంక మెట్ట మాది, మా అబ్బాయి పెళ్ళవగానే కంచె ఏయిస్తాను, గొర్రె కనిపిస్తే కాలిరుగుద్ది, అని కూడా అన్నాడంట.

గొర్రెల్తో మూల కూర్చున్న అసిరమ్మ లేచొచ్చింది. చెవి విరిగిన చిన్న బొమ్మ ఒకటుంటే దాని ముందు సాగిలపడిందంట. "నాయుడు బాబూ, ఈయన మా మావకి తాత," అంది. "ఒలే, నీకేటైనా పిచ్చా? ఎలా తెలిసిందే నీకు?" అంటే, "తమరికెలా తెలిసిందో నాకూ అలాగే. అదే మొకం, అదే కూకోడం. నా తాత కాదంటే తమరి తాతా కాదు. సెప్పండి, కాదా?" అందంట. కాదంటే నాయుడికి మెట్ట పోతుంది కదా! "సర్లే, ఎవుడో సిన్న తమ్ముడు, యేరుపడిపోయినోడు, ఆడికి వాటా నేదు," అనేశాడంట. పెద్దమనుషులు తలలూపారు. "వాటా వద్దు బాబూ, వరసుంటే సాలు," అని ఆమె గొర్రెల్ని తోలుకుని దిగిపోయిందంట.

తరవాత పెళ్ళిరోజు. పందిరేశారు, బాజాలు మోగుతున్నాయి, బూరెల వాసన మెట్టదాకా వెళ్తోంది అనుకో. జుట్టు విరబోసుకుని అసిరమ్మ పరుగెత్తుకొచ్చి పందిట్లో కూలబడిందంట. "ఓ నాయుడు బావో! మా మావ పోయాడు బావో! మనింట్లో పీనుగు లేసింది బావో!" బావంట, విన్నారా! బాజాలు ఆగిపోయాయి. పంతులుగారు అక్షింతలు కింద పెట్టేసి, దాయాదులింట చావైతే మైల, పెద్దకర్మ అయ్యేదాకా తాళి కట్టకూడదన్నారు. వియ్యంకుడు కండువా దులుపుకుని లేచి, ఈ లగ్గం తప్పితే మా పిల్లకి ఇంకో సంబంధం సిద్ధంగా ఉందన్నాడు. నాయుడు వియ్యంకుడి కండువా పట్టుకుని ఆపాడు. "ఆడు మాకేటీ కాడు!" అన్నాడంట. "మీ ముత్తాత తమ్ముడి మనవడే కదా, మీరే ఒప్పుకున్నారంట?" అన్నారు పంతులుగారు. "తమ్ముడూ నేదు, తాతా నేదు, అది రాయి!" "అయితే ఆ మాట ఆ రాయి ముందే చెప్పండి బావగారూ," అన్నాడు వియ్యంకుడు.

పట్టుబట్టలతో అందరూ మెట్టెక్కారంట. లోపల గోడ మీద చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకున్న ఓ రాతి బొమ్మ ఉంది, దాని కిందనే దాలయ్య అచ్చం అలాగే పడున్నాడు, కదలడు మెదలడు. నాయుడు కొబ్బరిపీచు పుచ్చుకుని, అందరూ చూస్తుండగా తాత మీసం తోమాడంట. తోముతూ, "ఈయన నాకెవుడూ కాడు, ఈ మెట్టతో నాకు సంబంధం నేదు," అని అరిచాడు. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నాడు వియ్యంకుడు. మళ్ళీ అరిచాడు. అప్పుడు దాలయ్య కళ్ళు తెరిచి, "కోడలా, బూరెలొండేరు గావాల, ఒకటైనా తెచ్చేవేటి?" అన్నాడంట! అసిరమ్మ నోరు నొక్కుకుని, "అమ్మో, మావకి ఉసురున్నాది! గోడ మీదాయనలాగే పడుకుంటే నాకేటి తెలుసు, నాయుడు బాబూ?" అందంట. మళ్ళీ బాబు అయిపోయాడు చూశారా.

నాకు పెద్దతనంలో నాలుగు అక్షరాలొచ్చాక, అక్కడ పాతిన బోర్డు కూడబలుక్కుని చదివాను. ఆయన బుద్ధుడంట. ఇల్లూ వాకిలీ రాజ్యం అన్నీ వదిలేసి పోయినాయనంట. ఎంత వింతో చూడండి, అలాంటాయన్ని తాతని చేసి కొండ కాజేద్దామనుకున్నాడు మావాడు! ఆవదం మసి కదా, రాయి తాగేసింది, సగమే పోయింది. చూడటానికొచ్చే పట్నం పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, అవ్వా, దేవుడికి సగం మీసమేంటని. పక్కనే గొర్రెలు నెమరేస్తుంటాయి. ఆయనది కాదమ్మా, ఆయన ఎప్పుడో అన్నీ వదిలేసుకున్నాడు, అది మా నాయుడిది, అని చెప్తాను.