ఎండుటాకు రంగు సీసా

అలా చూడకు ఫుల్బేర్. అవును, తీసేశాను. ఇదిగో బిరడా, ఇంకా తడిగానే ఉంది.

తిడితే తిట్టు. ముందు కూర్చో. వదినకి మతి పోయిందని షాబ్లీ ఊరంతా చాటుకోవచ్చు తర్వాత.

ఇదే ఆఖరిది. మా అమ్మాయి ఓరియాన్ పుట్టిన ఏడు మీ అన్న చేసిన వైనులో మిగిలిన ఒకే ఒక్క సీసా. శనివారం దాని పెళ్ళిలో తెరవాల్సింది.

నాకు తెలీదా? దీని కోసమేగా పిల్ల అంత దూరం నుంచి వస్తున్నది! ఆక్లండ్‌లోనే సంతకాలు పెట్టి కానిచ్చేయొచ్చు, పెళ్ళికొడుకు వాళ్ళు అదే అన్నారు. మన పిల్లే ఒప్పుకోలేదు. "నాన్న ఎలాగూ లేడమ్మా, నాన్న చేతి వైనైనా ఉండొద్దూ?" అంది. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు నిద్రుందా?

పెట్టెడు ఉండేవి. మీ అన్న నేలమాళిగలో గోడవైపు పేర్చి, వీటి జోలికి ఎవరూ పోవద్దన్నాడు. చెప్పి తను పోయాడు. ఇక జోలికి పోయిందెవరు? నేనే.

ఏం చెయ్యను మరి? ఆ ఏటి తెల్ల వైన్లు ఉన్నట్టుండి ముసలివైపోతున్నాయని చెప్పింది నువ్వు కాదూ? ఒకే పెట్టెలో పక్కపక్క సీసాలే, ఒకటి బతికుంటుంది, ఒకటి చచ్చుంటుంది, తెరిస్తే గానీ తెలీదన్నావు. అనేసి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నావు.

ఒక్కటి చూద్దామనుకున్నాను. గోధుమ రంగు, కమిలిన ఆపిల్ వాసన. పారబోశాను. భయమేసి ఇంకోటి తీశాను. అది బతికే ఉంది, ఏం చెప్పను! చెకుముకి రాయి గీకినట్టు, మన ద్రాక్షతోట మట్టిలోని ఆల్చిప్పలు వానకి తడిసినట్టు వాసన. దాన్ని మళ్ళీ మూయగలనా? నిలబడే తాగాను, ఏడుస్తూ.

ఆ తర్వాతది చచ్చింది. ఇక ఆగుతానా?

వెలుతురుకి పట్టి చూడొచ్చుగా అంటావు. నువ్వే పట్టి చూడు. ఎండుటాకు రంగు గాజు. ఇందులో ఏది పోసినా బంగారంలాగే కనిపిస్తుంది.

ఫోన్లో పిల్ల గొంతూ అంతే. బానే ఉన్నానమ్మా, తిన్నానమ్మా, చలి లేదమ్మా. లోపలేముందో నాకెలా తెలుస్తుంది? గుచ్చి అడిగితే విసుక్కుంటుంది. అడక్కపోతే నాకు ముద్ద దిగదు.

పొద్దున పెళ్ళి గుజేర్ల పిండిలోకి చీజు తురుముతున్నాను. శనివారం అందరూ గ్లాసులెత్తాక, పిల్ల ముక్కు దగ్గర పెట్టుకుని మొహం మాడ్చుకుంటే? అత్తింటివాళ్ళ ముందు, నాన్న దానికి మిగిల్చింది కమిలిన ఆపిలేనా? ముందే తెలిస్తే పక్కకి పిలిచి, పోయిందమ్మా అని మెల్లిగా చెప్పుకుంటాను కదా. అంతే, చెయ్యి దానంతటదే వెళ్ళింది.

లేదు, నేను రుచి చూడలేదు. గ్లాసులో పోశాను గానీ, ముక్కు దాకా తేలేకపోయాను. అందుకే నీకు కబురు పెట్టాను. నీది మీ అన్న ముక్కే. ఇదిగో, పట్టు.

నీకు పుణ్యముంటుంది, పోయిందని చెప్పు. పోయుంటే నేను చేసింది మంచిపనే అవుతుంది.

ఏమిటలా కళ్ళు మూసుకున్నావు?

సింకు నీ వెనకాలే ఉంది, ఉమ్మెయ్. ఎంత గొప్ప వైనైనా నాలిక మీద తిప్పి నా సింకులో ఉమ్మకుండా ఏనాడైనా వెళ్ళావా నువ్వు?

మింగావా?

అంత బాగుందా, ఫుల్బేర్?

మాట్లాడకు. అర్థమైంది.

పిల్ల విమానం ఇప్పుడు ఏ సముద్రం మీద ఉందో. ఇంత ముసలి వైను గాలి తగిలాక సాయంత్రం దాకా కూడా ఆగదు.

నీ గ్లాసు ఇలా తే. ఇంకొంచెం పోస్తాను. పారబొయ్యలేంగా.