బావ అడిగిన పెద్ద ట్యూబు

హలో… ఆ అక్కా, నేనే. తమ్ముణ్ణి.

కొట్లోంచే… లేదు, ఇంకా తెరవలేదు. షట్టరు సగం దించుకుని లోపల కూర్చున్నా. … తిన్నాను. … నిజంగానే తిన్నాను, నా తిండి గొడవ వదిలెయ్.

నువ్వెక్కడున్నావు? … వంటింట్లోనా. పక్కనెవరున్నారు? … మీ అత్తగారు హాల్లో ఉన్నారా. ఆడపడుచు? … ఇంకా అదే మాటా? నీ ఎదురుగానే అంటోందా? … ఇంకెక్కడికెళ్తావులే, ఇల్లు అట్లా అయ్యాక వాళ్ళింట్లోనే ఉండాలిగా.

అక్కా, కాస్త కూర్చో. … స్టూలు లాక్కో. … చెప్తాను, చెప్పడానికే చేశా.

నిన్న మీ ఇంటికెళ్ళాను. … పక్కింటాయన దగ్గర తాళంచెవి తీసుకున్నా. … ఆ, ముందుగదిలోకే. బావ కుర్చీ ఉన్న… సరే, అది వద్దు. విను. నీ ఇస్త్రీపెట్టె దొరికింది.

ఏడవకు. … ఏడవకే, ముందు విను! దానికి వైరు చుట్టి ఉంది. … చుట్టి! నువ్వెప్పుడూ చుట్టినట్టే, మూడు చుట్లు చుట్టి కొస లోపలికి దోపి. పైన రబ్బరంతా కాలిపోయింది, లోపలి రాగితీగ మాత్రం చుట్లు చుట్లుగా అట్లాగే ఉంది. ప్లగ్గులో మర్చిపోయిన పెట్టెకి ఎవరైనా వైరు చుడతారా?

… మంటలార్పేవాళ్ళదేముందిలే. బల్ల మీద ఇస్త్రీపెట్టె కనపడింది, 'ఇదే అయ్యుంటుంది' అనేసి పోయారు. దాన్నే పట్టుకుని అందరూ… నువ్వు కూడా.

నువ్వు ఆపే వెళ్ళావు. విన్నావా? ఆపే వెళ్ళావు.

… మరెలా అంటే… అదే చెప్తున్నా.

బావ ఆంప్లిఫయర్. … ఆ, నువ్వు పాటలపెట్టె అంటావే, అదే. అందులోంచే అంటుకుంది. … ట్రాన్స్‌ఫార్మరు చూశాను. వెనక నల్లటి ఇనపదిమ్మ ఉంటుంది చూడు, పాటలపెట్టెకి వచ్చే కరెంటంతా అందులోంచే పోతుంది. అది లోపల్నుంచి మాడింది. లోపలి తారు కరిగి అలమర చెక్క మీద ధారకట్టింది. బయటి మంట తగిలితే అట్లా కాలదు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని, చూడగానే తెలిసింది.

… కాదు. పాతదనే కాదు. పాతదైనా రాయిలా ఉండేది.

నేనే పాడుచేశాను.

… ఆగు, చెప్పనీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను.

పోయిన నెల బావ దాన్ని రెండు చేతులా మోసుకుంటూ కొట్టుకొచ్చాడు. 'దీని గొంతు పూడుకుపోయిందిరా, ఫిడేలు పైకెళ్తే చాలు మాయమైపోతోంది' అన్నాడు. రెక్టిఫయర్ ట్యూబు మార్చి పెద్దది వేస్తే ప్రాణం లేచొస్తుందని ఎవరో చెప్పారట. … అదా? వచ్చిన కరెంటుని మిగతా ట్యూబులకి పనికొచ్చేట్టు మార్చే గాజుబుడ్డి. అన్నిట్లోకీ ఓ మూలగా ఉంటుంది.

పెట్టి విన్నాను. శుభ్రంగా పలుకుతోంది. ఫిడేలు పైన తీగ మీద గీసిన గీత కూడా వినపడుతోంది. బావేమో స్పీకరుకి చెవి ఆనించి 'చూశావా, లేదు' అంటున్నాడు. సరిగ్గా అప్పుడే వెనకబల్ల మీద నా ఫోను మోగింది. బావ తల తిప్పలేదు. … ఆరుసార్లు మోగింది. తిప్పలేదు.

… నీకు తెలుసా? … ఎప్పట్నుంచి? … రెండేళ్ళా! … మరి ఆయనతో ఎందుకనలేదు? … ఆ. … ఆ. నేనూ అందుకే అనలేదు.

ముప్ఫయ్యేళ్ళు అచ్చుయంత్రం పక్కన నిలబడ్డాడు, చెవులు మిగులుతాయా? కానీ 'నా చెవికి దొరకని అపస్వరం లేదురా' అనే మనిషాయె. పెట్టెలో లోపం లేదు, నీ చెవుల్లో ఉంది బావా అని ఏ మొహంతో చెప్పను? దానికన్నా ట్యూబు మార్చడం తేలికనిపించింది.

తెలిసే చేశాను. ఇది నువ్వు వినాలి. పాత ట్యూబు రెండు ఆంపియర్లు తాగేది, కొత్తది మూడు. ఆ దిమ్మ రెండు ఆంపియర్లకే కట్టింది. … అంటే, రెండు బిందెలు మోసేవాడి నెత్తిన మూడోది పెట్టినట్టు. నడుస్తాడు… కొంతదూరం. 'గంటకి మించి వాడకు, ముట్టుకుంటే కాలుతోందంటే ఆపెయ్' అని చెప్పాను. తలూపాడు. ఏం విన్నాడో… నేనాయన వైపు తిరిగి కూడా చెప్పలేదు. తలొంచుకుని, మరలు బిగిస్తూ చెప్పాను. చెవులు వినపడవని తెలిసీ.

… ఇంకా ఉంది. వారం తర్వాత ఫ్యూజు పోయిందని కబురుపెట్టాడు. వచ్చాను… అవును, నువ్వు టీ ఇచ్చిన రోజే. ఎందుకు పోయిందో నాకు తెలుసు. పోవడమే దాని పని, అక్కా. ఇక చాలు ఆపు అని చెప్పడానికే అది పోతుంది. నేను లావు ఫ్యూజు వేసి వెళ్ళాను.

… ఎందుకంటే ఏం చెప్పను? పాట పెట్టగానే బావ మొహం వెలిగిపోయింది. 'ఇప్పుడు పలికిందిరా' అని నా వీపు చరిచాడు. ఏమీ పలకలేదు. ఇంకాస్త గట్టిగా పెట్టుకున్నాడంతే.

… అవును, అందుకే కిటికీలు మూసేవాడు, పక్కవాళ్ళు గోలపెడుతున్నారని. ఆ మధ్యాహ్నమూ మూసే ఉన్నాయి. దిమ్మ మాడేముందు బుర్రుమని మోత వస్తుంది. ఎవరికైనా వినపడుతుంది. … ఎవరికైనా.

… కుర్చీలోంచి లేవనే లేదన్నారుగా. నిద్రలోనే పొగ పీల్చుంటాడు. బాధ తెలిసుండదు. … ఏమో. నాకేం తెలుసు? అలా అనుకుంటున్నాను.

…

అక్కా? … ఉన్నావా?

తిట్టు. ఏదో ఒకటి అను.

… నిన్ననే. నిన్న చూసేదాకా… — కాదు. అబద్ధం. మొదటిరోజే అనుమానం వచ్చింది. మీ ఆడపడుచు అందరి ముందూ నిన్ను 'మా అన్నని కాల్చి చంపావు' అన్నప్పుడు నేను గుమ్మం పక్కనే ఉన్నాను. నోరు పెగల్లేదు. … పదకొండు రోజులు. … అవును, నువ్వు తిండి మానేశావని తెలిసి కూడా.

… ఏంటి? … ఎవరికిస్తున్నావు? … వద్దక్కా, ఫోన్లో వద్దు, నేనే వచ్చి… అక్కా, ఆగు, ఒక్క నిమిషం—

…

అత్తయ్యగారూ… నేనండీ. మీ కోడలి తమ్ముణ్ణి.

మా అక్క ఇస్త్రీపెట్టె ఆపే వెళ్ళిందండీ. … అవునండీ, కళ్ళారా చూసే చెప్తున్నాను. … మీ అబ్బాయి పాటలపెట్టెలో నేను వేయకూడని ట్యూబు వేశాను. దాంట్లోంచే అంటుకుంది. … నేనే. … తెలిసే వేశాను.

… లేదండీ, అక్కకి ఇప్పుడే చెప్పాను. ఇందాకటిదాకా తనకీ తెలియదు.

… ఆ. … ఆ. … అనండి. అనాల్సిందే.

… చెప్తాను. మీ అమ్మాయి ముందూ చెప్తాను, పోలీసుల ముందైనా చెప్తాను. ఇప్పుడే బయల్దేరతా. … లేదండీ, లోపలికి రాను. గుమ్మంలో నిలబడే చెప్తాను.

అత్తయ్యగారూ… అక్కకి ఒక్కసారి ఫోనివ్వండి. ఒక్క మాట.

…

తనే వద్దందా.

… సరేనండీ. వస్తున్నాను.