గజ్జెల టేపు

చెవుల పరీక్ష మల్ల ఒకసారి ఎందుకు మేడమ్? అన్నిటికి నొక్కిన గదా! మీరు సౌండిచ్చుడు, నేను బటన్ నొక్కుడు. ఒక్కటన్న ఇడిసిపెట్టిన్నా? మీరే చెప్పుండ్రి.

కుర్సీ గోడదిక్కు తిప్పుకొని కూసోవాల్నా? ఎందుకట్ల? యాభై ఆరేండ్లోన్ని మేడమ్, బడి పిలగాన్ని మూలకు నిలవెట్టినట్టు గిదేంది? నన్ను దొంగ లెక్క చూడకుండ్రి. గా కళ్లద్దాలు సుత తియ్యకుండ్రి, మీకు మంచిగున్నయ్.

గా కాయితం మీద "చెవులు బరాబర్ ఉన్నయ్" అని రాసి సంతకం పెట్టుండ్రి, సాలు. నాకు గోలీలు వద్దు, చెవుల పెట్టే మిషిన్ వద్దు. కాయితం కావాలె. తీస్కపోయి నా పెండ్లాం ముంగట, గా ప్రేమ్‌సాగర్ సారు ముంగట కొట్టాలె.

ఎందుకంటరా? జర కూసోండ్రి, చెప్త. బయట లైన్ల ఇద్దరే ఉన్నరు. అండ్ల ఒకాయన గురక వెడ్తాండు.

నేను స్పీకర్లు బాగుచేస్త. మోత్కూర్ బస్టాండ్ పక్కపొంటి గల్లీల, ముప్పై ఏండ్ల సంది. గిరి దుకాణం యాడ అంటే ఎవలన్న చూపెడ్తరు. పెండ్లిల్ల మోగే డీజే డబ్బలు గాదు, గవి నేను ముట్ట. ఇంట్ల పెట్టుకొని కండ్లు మూసుకొని పాటలినే డబ్బలు. దుబాయి పోయినోళ్లు తెచ్చినయ్, హైదరాబాద్ల పాత సామాన్ల ఏరుకొచ్చినయ్. కింద పెద్దది ఊఫరు. పైన రూపాయి బిళ్లంత చిన్నది ట్వీటరు. ఎప్పుడు సచ్చినా గా చిన్నదే సస్తది.

దాని లోపట కాయిలుంటది మేడమ్. తలెంట్రుకంత రాగితీగ. శక్తికి మించి సౌండ్ పెంచిండ్రనుకో, ఊఫరుకేం గాదు, అది దున్నపోతు. ట్వీటరు మాత్రం కాలి కూసుంటది. పాటొస్తనే ఉంటది గని, అండ్ల తళుకు పోతది. తాళం సప్పుడు పోతది, గజ్జెల సప్పుడు పోతది. మనిషి దుప్పటి కప్పుకొని పాడినట్టుంటది.

వేరేటోళ్లు కాలినదాన్ని పారేసి కొత్తది ఎక్కిస్తరు. నేను గట్ల గాదు. ఇప్పి, భూతద్దం కంటికి పెట్టుకొని, తీగ యాడ తెగిందో చూసి అతుకుత. అతకనిదైతే కొత్త తీగ చుడుత. ఊపిరి బిగవట్టి చెయ్యాలె. తుమ్మొచ్చిందా, పని ఖతం!

అయినంక మీటర్ పెట్టి చూసుడు అందరు చేస్తరు. నాకు మీటర్ సాలదు. నాకు మా బాపు గావాలె.

మా బాపు గుర్వయ్య. ఒగ్గు కథ చెప్పేటోడు. కాళ్లకు గజ్జెలు కట్టి డోలు మీద అడుగేసిండంటే ముసలోళ్లు సుత లేసి నిలవడుతుండె. నేను పని నేర్చిన కొత్తల టేప్ రికార్డర్ తీస్కపోయి, మల్లన్న పట్నాల పండుగప్పుడు ఆయన కథ క్యాసెట్ల పట్టిన. ఏ డబ్బ బాగుచేసినా ఆఖరుకు గా టేపే ఏస్త. డోలు ఊఫర్ల దుంకాలె, గజ్జెలు ట్వీటర్ల గలగలమనాలె. గజ్జెలొస్తే డబ్బ ఇంటికి పోతది. రాకుంటే మల్ల ఇప్పుత.

బాపు తెలంగాణ వచ్చిన ఏడే పోయిండు. అయినా రోజు నా దుకాణంల ఎగురుతనే ఉంటడు.

డబ్బ మూసినంక స్క్రూల మీద గోర్ల రంగు చుక్క పెడుత. ఎర్రది. రేపు ఎవడన్న ఇప్పి కెలికి "గిరి చెడగొట్టిండు" అన్నడనుకో, చుక్క పగిలి ఉంటది, దొరికిపోతడు. గా సీసా మా స్వర్ణది. స్వర్ణ అంటే నా పెండ్లాం. దుకాణంల నా పక్కకే కూసుంటది.

రెండేండ్ల కింద ఏమైందంటే, గజ్జెలు సన్నవడ్డయ్. డోలు వస్తాంది, బాపు గొంతొస్తాంది, గజ్జెలే రావు. టేపు అరిగిందనుకున్న. అరుగదా మేడమ్? ముప్పై ఏండ్లు తిప్పితే ఇనుమన్న అరుగుతది!

స్వర్ణను అడిగిన. "గజ్జెలు వస్తున్నయా?" "ఆఁ, వస్తున్నయ్." నేను ట్రెబుల్, అంటే సన్న సప్పుడు, జర పెంచిన. "గిప్పుడు?" "ఆఁ, మంచిగొస్తున్నయ్." నాకైతే రాలె. ఇంక జర పెంచిన.

రెండేండ్లు మేడమ్! పొద్దుగాల లేస్తే గిదే ముచ్చట. వస్తున్నయా? వస్తున్నయ్.

గప్పుడే ఇంకోటి మొదలువెట్టింది. "అన్నం తిని ఇంట్ల జర ఒరుగుపో, నేను కూసుంట దుకాణంల" అన్నది. పెండ్లయినకాన్నుంచి ఎన్నడు అనని మాట! నేను మురిసిన. ఇన్నేండ్లకు నా పెండ్లానికి నా మీద ప్రేమ పుట్టిందిరో అని బక్కయ్య హోటల్ల నలుగురికి చెప్పుకున్న. థూ, నా బతుకు!

పోయిన మంగళారం నిద్రలేసి దుకాణంకు వచ్చిన. పొద్దుగాల నేను మూసిపెట్టిన డబ్బ ఉన్నది. పక్కకు జరుపుదామని పట్టిన. ఏలికి ఎర్రగంటింది. చుక్క పచ్చిగున్నది మేడమ్! నేను పెట్టి నాలుగు గంటలాయె. గోర్ల రంగు ఆరెటందుకు నాలుగు గంటలు పడ్తదా? మీకు తెల్వదా?

ఏలు తుడుసుకున్న. తెల్లారి తిన్నట్టు చేసి, ఒరిగినట్టు చేసి, అరగంటల వాపసొచ్చిన. షట్టరు సగం దించి ఉన్నది.

పాపపు మనసు మేడమ్. ఏమేమో అనుకున్నది. వంగి చూసిన.

ప్రేమ్‌సాగర్ సారు నా కుర్సీల కూసున్నడు. రిటైరయిన లెక్కల సారు, పాటలంటే పానం ఇస్తడు, నాకు దోస్తు. నా అద్దం కంటికి పెట్టుకున్నడు. నేను మూసిన డబ్బను ఇప్పి, ట్వీటరు బయటికి తీసి తీగ అతుకుతాండు. స్వర్ణ పక్కకు నిలవడి సెల్లు లైటు వట్టింది. నోట్ల గోర్ల రంగు సీసా మూత.

ఒట్టు మేడమ్, నేను అనుకున్నదే అయినా బాగుండు. దానికైతే మొగోడు తిడ్తడు, ఏడుస్తడు, కులపెద్దలను పిలుస్తడు. గిదానికి ఎవల్ని పిలువాలె?

గా సారుకు సోల్డరింగ్ పట్టుడు నేర్పిందెవలు? నేనే! "తీగను బెదిరియ్యద్దు సారూ, బుజ్జగియ్యాలె" అని చెయ్యి పట్టుకొని నేర్పిన. నేర్చుకున్నడు. మంచిగ నేర్చుకున్నడు!

"ఏంది సారూ గిది?" అంటే ఆయన తలకాయ దించుకున్నడు. స్వర్ణ దించుకోలె.

"నీకు ఇనవడ్తలేదు" అన్నది. "రెండేండ్లాయె. టేపు మంచిగనే ఉన్నది. గజ్జెలు మంచిగనే వస్తున్నయ్. నీకే వస్తలెవ్వు. రాలేదని సౌండ్ పెంచుతవు. పెంచి పెంచి, నువ్వు అతికిన ట్వీటరును నువ్వే కాల్చి డబ్బ మూస్తున్నవు. సారొచ్చి మల్ల అతుకుతాండు. ఆయన లేకుంటే దుకాణం ఎన్నడో మూతవడుతుండె."

"అబద్ధం" అన్న నేను.

"కిష్టయ్య డబ్బ యాదికున్నదా?" అన్నది.

ఉన్నది. ఎందుకుండదు? గొర్లు కాసేటోడు, రెండు పొట్టేళ్లు అమ్మి మోజువడి కొనుక్కున్న డబ్బ. నేను బాగుచేసిచ్చినంక మూడోనాడే వాపసు తెచ్చిండు. మల్ల చేసిచ్చిన, మల్ల తెచ్చిండు. నలుగురి ముంగట నిలవెట్టి తిట్టిన. "నీకు పాట ఇనరాదుర, సౌండ్ పెంచి కాలుస్తవు. నువ్వు గొర్లకాడికి పో" అన్న. పాపం, డబ్బ నెత్తిన పెట్టుకొని పోయిండు. అప్పుడు సారు ఊళ్లె లేకుండెనట. గందుకని రెండుసార్లు దొరికిపోయిన్నట! నా పెండ్లాం చెప్తాంది.

ఆగలె ఆమె. కుక్కర్ కూత ఇనవడదట నాకు. సెల్లు మోగితే ఆమెనే తెచ్చి చేతిల వెట్టాలట. కీచురాళ్ల సంగతి సుత తీసింది.

కీచురాళ్ల కథ వేరే ఉన్నది మేడమ్. పత్తిచేన్ల మందులు కొట్టి కొట్టి కీచురాళ్లు ఖతమైనయ్, ఈ వానకాలం ఒక్కటన్న కూసిందా అని బక్కయ్య హోటల్ల పెద్ద ఉపన్యాసం ఇచ్చిన. అందరు తలకాయలు ఊపిన్రు. "నిజమే గిరన్నా, ఒక్కటి లేదు" అన్నరు. గప్పుడు హోటల్ చుట్టు కూస్తనే ఉన్నయట!

అంటే అందరికి ఎరుకే. బక్కయ్య చాయ్ ఇచ్చేటప్పుడు నా ముంగటికొచ్చి, మొఖంల మొఖం పెట్టి మాట్లాడ్తడు. మర్యాద అనుకున్న!

ఊరు ఊరంత ఒక్కటై నన్ను పిచ్చోన్ని చేసిండ్రు. ఊరోళ్లను ఇడిసిపెట్టుండ్రి, వాళ్లెవలు? స్వర్ణ ఎట్ల చేసె? మా బాపు టేపు ఏసి, నా పక్కకు కూసొని, "వస్తున్నయ్" అని నోటినిండ చెప్పె. నా చెవుల కన్న ఆమెను ఎక్కువ నమ్మిన. నాకు రాకున్నా ఆమెకు వస్తున్నయ్ గదా అనుకున్న. దాన్నే అడ్డం పెట్టుకొని నా ఎనుక నా పని ఇంకోని చేతిల వెట్టె.

తాగుబోతోళ్ల పెండ్లాలు సుత ఇంత మోసం చెయ్యరు మేడమ్.

"సూస్కో, నల్లగొండ దవాఖానకు పోయి కాయితం తెస్త, నా చెవులు ఎట్లున్నయో సర్కారే చెప్తది" అని లేసొచ్చిన. నాలుగొద్దులాయె, ఆమె చేతి బువ్వ తినలె. గందుకే అడుగుతాన. ఒక్క సంతకం.

...ఏంది మేడమ్, గట్ల చూస్తాన్రు?

కోపం చేసిన చెయ్యుండ్రి గని, గట్ల సప్పుడు చెయ్యకుండ ఉండకుండ్రి. సప్పుడు చెయ్యనోళ్లంటే నాకు భయమైతాంది గిప్పుడు.

సరే. మీకు తెలిసిపోయింది. నా బిడ్డ ఈడుంటది మీకు, మీ దగ్గర దాస్తే ఏమొస్తది?

మీరు సౌండిచ్చినప్పుడల్ల గా మిషిన్ మీద ఎర్రలైటు కొట్టుకుంటది బిడ్డా. అది మీ కళ్లద్దాల్ల కనవడ్తది. గా అద్దం తలుపుల నుంచి చూసుకుంట నొక్కిన. ముందుగాల మూడు బొంగురు సప్పుళ్లు ఇన్న, ఒట్టు, గవి ఇన్న. దాని తర్వాత ఒక్కటి ఇనలె. లైటు చూసుడు, నొక్కుడు.

ఇంకోటున్నది. గిది ఎవలకు చెప్పలె.

పోయినేడు పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుంట, బాపు గజ్జెలు గోడ మొలకెల్లి దించిన. టేపు గాదు బిడ్డా. నిజం గజ్జెలు. అరిగేటియి గావు. తుడిచి ఊపిన. అరచేతిల అదురు తెలుస్తాంది. సప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టుకొని మల్ల ఊపిన. లేదు.

స్వర్ణ వంటింట్లకెల్లి తొంగి చూసింది. ఏం చెప్పాలె? "చూసినవా, బాపు గజ్జెలు ఇంక ఎట్ల గలగలమంటున్నయో" అన్న.

ఆమె నా మొఖం దిక్కే చూసింది. "ఆఁ, మోగుతున్నయ్" అన్నది.

గానాడే నాకు ఎరుకైంది. అయినా తెల్లారి పోయి టేపు ఏసిన, "వస్తున్నయా?" అని అడిగిన. ఎందుకంటే, ఆమె వస్తున్నయ్ అన్నప్పుడు ఒక్క గడియ నాకు వచ్చినట్టే ఉండేది. ఆమె చెప్పింది రెండేండ్లు. నేను చెప్పించుకున్న.

కిష్టయ్యను తిట్టింది సుత గా తర్వాతనే బిడ్డా. పెత్రమాస తర్వాతనే. ఎవలు కాల్చిండ్రో తెలిసే తిట్టిన.

పట్టుండ్రి కుర్సీ. గోడదిక్కే తిప్పుండ్రి. ఇనవడ్డదానికే నొక్కుత గిప్పుడు. తక్కువొస్తే తక్కువే రాయుండ్రి, ఉన్నది ఉన్నట్టు.

తీస్కపోయి స్వర్ణ చేతిలనే వెడ్త. ఆమెనే సదువుమంట. జర దగ్గరికొచ్చి, గట్టిగ సదువుమనాలె. ఆమెది సన్న గొంతు.