చిక్కడపల్లి పంపిన వాన పాట

నారాయణగూడలో చష్మాల దుకాణం ప్రహ్లాద్ గారిది. ఒక జత అద్దాలు తుడిచి ఇచ్చేలోపల ఆయన మనిషికి మూడు సంగతులు చెప్తాడు, అందులో రెండున్నర కోతలే. ఆ సంగతి చిక్కడపల్లిలో అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆదివారం వచ్చిందంటే ఆయన ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

ఆ ఆదివారం మూడు గంటలకు కరెంటు పోయింది. ఆ ఏడు వానాకాలంలో కూడా కోతే, ఐదు దాకా రాదు. ఎదురింటి యశోదమ్మ విసనకర్ర పట్టుకొని వచ్చింది. పక్కింటి గోడకు ప్లాస్టరింగు చేస్తున్న పాలమూరు మేస్త్రి ఎల్లేష్, మోటరు ఆగి నీళ్లు రాక, చేతులు దులుపుకొని వచ్చాడు. మేడమీది గదిలో కిరాయికి ఉండి అశోక్ నగర్‌లో కోచింగుకు పోయే రచన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకొని మెట్ల మీద కూర్చుంది. ప్రహ్లాద్ గారి భార్య కమల లోపల టీ పెడుతోంది. తలుపుకు పరదా ఉంది కాబట్టి ఆమెకు అందరూ వినపడతారు, ఆమె ఎవరికీ కనపడదు. ఆమెకు అట్లనే ఇష్టం.

కానీ ఆ రోజు ఆమె చెవి అరుగు మీద కంటే రచన ల్యాప్‌టాప్ మీదనే ఎక్కువ ఉంది.

సంగతేమిటంటే, రెండేళ్ల కింద రచన ఒక యుకులేలే కొనుక్కొచ్చింది. గిటారుకు పుట్టిన బిడ్డలాగ ఉంటుంది, నాలుగే తీగలు. చదువులో పడి అది వాయించడానికి తీరక, "ఆంటీ, మీ చేతికి సరిపోయేటట్టుంది" అని కమలకు ఇచ్చింది. కమల నేర్చుకుంది. నెట్టులో అది వాయించేవాళ్ల గుంపు ఒకటి ఉంది. నెలకొకరు ఒక మాట ఇస్తారు, ఆ మాట మీద అందరూ ఒక పాట వాయించి రికార్డు చేసి పంపుతారు. బహుమతుల్లేవు, ఫస్టు సెకండు లేదు, ఒకరిది ఒకరు విని రెండు మంచి మాటలు రాస్తారు. ఆ మాటలు రచన చదివి తెలుగులో చెప్తే కమల పొయ్యి దగ్గర నిలబడి వింటుంది. అక్కడ ఆమె పేరు కమల కాదు. పేరు పెట్టడానికి సిగ్గేసి రచనతో చిక్కడపల్లి అని పెట్టించింది. "చిక్కడపల్లీ, ఈ నెల నీ పాట బాగుంది" అని ఎక్కడెక్కడివాళ్లో రాస్తారు. ఈ వయసులో ఇదేం బొమ్మ అని నలుగురూ నవ్వుతారని భయపడి, తను వాయిస్తున్నట్టు ఎవరికీ చెప్పనని భర్త చేత ఒట్టు వేయించుకుంది.

ఈ నెల వచ్చిన మాట "నేనెవరు". ముందు ఎవరి పేరు వాళ్లు సొంత గొంతుతో చెప్పాలి, తర్వాత వాయించాలి. కమలకు పాట బాగానే వచ్చింది, పేరే రాలేదు. పంతొమ్మిదిసార్లు ఫోను ముందు కూర్చుంది. "నా..." అనేసరికి మాట అక్కడే నిలిచిపోయేది. పంపడానికి ఈ రోజే ఆఖరు. పొద్దున ప్రహ్లాద్ గారు చూసి చూసి, "నేను నా పేరు చెప్త, నువ్వు వాయించు. ఎవడొచ్చి చూస్తడు?" అన్నాడు. కమల తలూపింది. అట్లనే రికార్డయింది. ఐదు గంటలకు కరెంటొస్తే నెట్టు వస్తుంది, రచన పంపేస్తుంది. అప్పటినుంచి ఆ గుంపుకు చిక్కడపల్లి అంటే ప్రహ్లాద్ గారే, అన్ని నెలల పాటలూ ఆయనవే అయిపోతాయి. కమలకు గండం గడిచినట్టే ఉంది, కానీ చెవి మాత్రం ఆ ల్యాప్‌టాప్‌ను వదల్లేదు.

"ఏం లేదు పెద్దమ్మా," అని బయట ప్రహ్లాద్ గారు మొదలుపెట్టాడు. "పోయిన నెల ఒక చిన్న పాట రికార్డు చేసిన. రెండు నిమిషాలది. యుకులేలే మీద."

"నువ్వా?" అంది యశోదమ్మ.

"నేనే. మరెవరు?"

లోపల కమల చేతిలో టీ జల్లెడ ఆగింది. ఆయన బాధ ఆమెకు తెలుసు. ఆమె పేరెత్తనని ఒట్టు, మాట్లాడకుండ ఉండలేడు. అందుకని తన నెత్తినే వేసుకున్నాడు. ఇన్ని నెలలు కడుపులో దాచుకున్నాడంటే ఆయన మట్టుకు అదే గొప్ప.

"పాట సంగతి 'వాన'. అయితే రికార్డుకు ఏం గావాలె? నిశ్శబ్దం గావాలె. మన చిక్కడపల్లిల నిశ్శబ్దం ఏడ దొరుకుతది? గందుకని కరెంటు పోయినప్పుడు చేస్తం, మిక్సీలు, టీవీలు, మోటర్లు అన్నీ బంద్ ఉంటయి గద. ఆ రోజు చూస్తే కరెంటు పోతలేదు! ఏం జేసిన? కరెంటాఫీసుకు ఫోన్ జేసిన. జర ఆపుండ్రి అన్న. 'ఎందాక ఆపాలె సార్?' అన్నడు. నారాయణగూడ దాక జాలు అన్న. నా మీద గౌరవం కొద్దీ అడిక్‌మెట్ దాక ఆపిండు."

"అబ్బో," అన్నాడు ఎల్లేష్.

"ఇను ఎల్లేషూ, అసలు కత ఇప్పుడుంది. తీగ మీద వేలు పెట్టిన్నో లేదో చౌరస్తాల బస్సు హారను. ఉరికిన. డ్రైవరన్నా, రెండు నిమిషాలు అన్న. ఆ మనిషి ఎంత మంచోడంటే ఇంజనే ఆపేసిండు. మరి వెనుక బండ్లు ఆగుతయి గద? అప్పుడేం జేసిండ్రో ఎర్కనా? బస్సుల ఉన్నోళ్లందరు దిగి, చెప్పులు చేతుల పట్టుకొని, చప్పుడు గాకుంట ఆ బస్సును కోఠి దాక నూకిండ్రు. ఆడోళ్లు, ముసలోళ్లు గూడ. ఒక్కలు గూడ టికెట్ పైసలు వాపసియ్యమని అడగలే!"

రచన మూతికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అశోక్ నగర్ పిల్లలు? పదివేల మంది గట్టిగ చదువుతరు. నేనొక్క వేలు మూతి మీద పెట్టిన అంతే. పదివేల పుస్తకాలు మూగబోయినయి. పేజీ తిప్పాల్నంటే ఇద్దరు పట్టుకొని మెల్లగ తిప్పిండ్రు. అడుగు రచనను."

"నేనా రోజు ఊర్లో లేను అంకుల్."

"అందుకే బతికిపోయినవ్. పెద్దమ్మా, నీ కుక్కర్ గూడ, కూత నోటి దాక వచ్చి మింగేసింది."

"అదా! ఆ నాడు పప్పు ఉడకకపాయె అనుకున్న," అంది యశోదమ్మ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎల్లేషు తాపీ లేపిండు. సిమెంటుతోటి గాలిలోనే ఆగింది తాపీ."

"నేనా? నాకు యాదికి లేదే సారూ."

"చెయ్యి తిమ్మిరెక్కింది, ఎట్ల యాదికుంటది? సరే, అన్నీ ఆగినయి. కూసున్న. మొదలు ఒక్క చినుకు." ప్రహ్లాద్ గారి గొంతు కొద్దిగా దిగింది. "ఒక్కటే. దాని తర్వాత ఏం లేదు. ఇంకొకటి పడుతదో పడదో అన్నట్టు. అప్పుడు రెండోది, రేకు మీద పడ్డట్టు. తర్వాత ఇగ అన్ని తీగలు కలిసి పడుతయి, మధ్యల మళ్ల ఒక్కసారి ఆగుతది, ఎవరో కిటికీ రెక్క వేసినట్టు..."

పరదా వెనుక కమల గిన్నె దించడం మరిచిపోయింది. ఆ ఆగడం నిజంగానే ఉంది. వేలు మార్చుకోవడానికి ఊపిరి కావాలని అక్కడ ఆగింది. కిటికీ రెక్కలాగ ఉందని ఆమెకే తెలియదు. ఆమె వాయించేటప్పుడు ఆయన పేపరు అడ్డం పెట్టుకొని ఉండేవాడు. చదువుతున్నాడనుకుంది ఇన్నాళ్లూ.

"మరి నిజం వాన వచ్చిందా?" ఎల్లేష్ అడిగాడు.

"రాకుంట ఉంటదా? పాట ఇని వచ్చింది. గాని అప్పుడు పడితే రికార్డు ఖరాబు గాదా? పైకి చూసిన. చినుకులన్నీ మేడ పిట్టగోడ ఎత్తుల ఆగిపోయినయి. వరుసగా, దండెం మీద బట్టలోలె. కొన్ని జారబోతే పక్క చినుకులు పట్టుకున్నయి. పాటైనంక ఇగ కానియ్యుండ్రి అన్న. ఒక్కసారే పడ్డయి, రోడ్డు మీద మోకాటి లోతు."

"మోరీ నిండి పారిందంతా నీ పాటేనా?" అంది యశోదమ్మ.

"పాటే. అది నలభై దేశాలకు పోయింది. ఒక మంచు దేశముంది. ఎన్నడూ కరగని మంచు కరిగి వీధులల్ల నీళ్లు నిండినయి. 'చిక్కడపల్లీ, జర ఆపు, మునుగుతున్నం' అని రాసిండ్రు. నేను దయ తలిచి నాలుగో తీగ సడలిస్తే నీళ్లు తీసినయి."

అందరూ నవ్వారు. లోపల కమల కూడా కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. బస్సు నూకినా, వాన ఆపినా, మంచు కరిగించినా ఆమెకేం పట్టింపు లేదు. నాలుగు గ్లాసుల్లో టీ పోసి, పళ్లెంలో పెట్టి, పరదా దాకా వచ్చింది.

"అది సరే," అంది యశోదమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇంత విద్య నేర్వనీకి ఎన్ని దినాలు పట్టింది?"

"దినాలా? ఒక్క పూట. ఇడ్లీ తిని పట్టుకున్న, అన్నం తినే యాళ్లకు వచ్చింది. వేలు గూడ కందలే. అదేం పెద్ద విద్య పెద్దమ్మా, పిల్లలాట."

పరదా దగ్గర గ్లాసులు గలగలమన్నాయి.

ఎడమచేతి వేళ్ల కొసలు పగిలి, ఆవకాయ కలిపే రోజున మంటకు తాళలేక చేతికి ప్లాస్టిక్ సంచి కట్టుకుంది కమల. తీగల మీద ఇరుకు గడిలో మూడు వేళ్లు పెట్టి నొక్కే పట్టు ఒకటి ఉంది, కార్డు అంటారు, అది నాలుగు నెలలు రాలేదు. పప్పు ఉడికేదాకా గరిటె కాడ మీద వేళ్లు పెట్టి అదే పట్టు పట్టేది. ఐదో తరగతిలో బడి మానిన తర్వాత ఆమె పట్టుబట్టి నేర్చుకున్నది అదొక్కటే.

"ఒక్క పూట గాదు," అంది.

అందరూ తిరిగి చూశారు. కమల పరదా బయట నిలబడి ఉంది.

"పదకొండు నెలలు."

ఎల్లేష్ ఆమె వైపు, సారు వైపు చూశాడు. "సారుకా అమ్మా?"

"సారుకు గాదు," అంది కమల. "నాకు. సారుకు తీగ ఎక్కించుడు గూడ రాదు."

"గదే అనుకున్న!" అని ఎల్లేష్ తొడ చరిచాడు. "నా తాపీ ఎన్నడు ఆగింది!"

యశోదమ్మ కమల చేతిలోని పళ్లెం అందుకొని పక్కన పెట్టి, ఆ ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకొని, ఒక్కో వేలి కొస నొక్కి చూసింది. తర్వాత ప్రహ్లాద్ గారి చెయ్యి లాగి చూసింది. "దూది," అంది.

కోత పట్టుబడ్డ మనిషి సిగ్గుపడాలి కదా. ప్రహ్లాద్ గారు బియ్యం బస్తా దించుకున్నవాడిలాగ ఊపిరి వదిలాడు. "ఒట్టు నేను దాటలే కమలా. నీ పేరు నేను తీయలే. చూడుండ్రి, అందరు సాక్ష్యం."

"ఆంటీ కూడా తన పేరు చెప్పలేదు ఇంకా," అంది రచన ఫోను తీస్తూ. "'నాకు' అన్నరు అంతే. చెప్పండి ఆంటీ. కరెంటు రావడానికి ఇంకా పావుగంట ఉంది."

యుకులేలే వచ్చింది. కమల అరుగు అంచున కూర్చుంది. "నా..." అంది. మాట మళ్లీ అక్కడే నిలిచింది. యశోదమ్మ మొహం వైపు చూసింది.

"నా దిక్కెందుకు చూస్తవే?" అంది యశోదమ్మ. "నాకు నీ పేరు ఎర్కనే. తెల్వనోళ్లకు చెప్పు."

కమలకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే మాట జారింది. "నా పేరు కమల. మాది హైదరాబాదు, చిక్కడపల్లి."

పేరు దగ్గర గొంతు జీరబోయింది. రచన రికార్డు ఆపలేదు. కమల వాళ్లమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తీసే కూనిరాగం అందుకుంది. ఆ కష్టం కార్డు దగ్గర ఒక వేలు జారి తీగ బుస్సుమంది. దాన్ని దాటుకొని పోయింది. వీధిలో ఆటోలు పోతూనే ఉన్నాయి, ఎవరింట్లోనో కుక్కర్ కూసింది, పైన పావురాలు ఎగురుతూనే ఉన్నాయి. ఒక్కటి కూడా ఆగలేదు. పాట అయిపోయింది.

"పొద్దుటిది తీసేస్తున్న అంకుల్," అంది రచన. "ఇదే పోతది."

ప్రహ్లాద్ గారు వినలేదు. ఆయన ఇంకా కమల వేళ్లనే చూస్తున్నాడు. ఎల్లేష్, యశోదమ్మ ఇద్దరూ ఆయన నోటివైపు చూశారు, ఇప్పుడు ఏ దేశం మునుగుతుందో అని.

"బాగుంది," అన్నాడు.

కమల యుకులేలే ఒళ్లో పెట్టుకొని, తల కొద్దిగా పక్కకు వంచి ఆయనను చూసింది.

"ఇంతేనా?" అంది.